బోర్డు ఆరేదాకా సెలవులు

మా బడి మా ఇంటి నడిమి గదిలో ఉండేది. పోర్టు క్వార్టర్లలో మాకిచ్చిన ఇల్లు అది. ముందుగదిలో నాన్న సైకిలూ మంచమూ, వెనక వంటిల్లు, మధ్యగదిలో ఒక గోడ మీద అమ్మ తన చేత్తో పూసిన నల్లబోర్డు. పొద్దున్న వంట ముగించి, గిన్నెలు బోర్లించి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని అమ్మ ఆ గోడ ముందు నిలబడితే బడి మొదలైనట్టు. నేనూ తమ్ముడూ చాప మీద కూర్చునేవాళ్ళం. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు. అయినా ఇద్దరికీ ఒకటే పాఠం. నాకు తెలిసిందే వాడికీ తెలియాలి, వాడికి రానిది నాకూ రానట్టే లెక్క.

క్వార్టర్ల పిల్లలు సంచులు తగిలించుకుని మా కిటికీ ముందునుంచి బడికి వెళ్ళేవాళ్ళు. మేం వెళ్ళేవాళ్ళం కాదు. ఎందుకు వెళ్ళమో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. కొన్ని ఇళ్ళలో వంకాయ వండరు, కొన్ని ఇళ్ళలో మంగళవారం తలంటుకోరు. మా ఇంట్లో బడికి వెళ్ళరు. చాలాకాలం నేను అలాగే అనుకున్నాను.

చిక్కంతా చలికాలంలో వచ్చేది.

పక్క క్వార్టరులో పోర్టు ఆసుపత్రి నర్సమ్మ ఉండేది. వాళ్ళమ్మాయి చర్చి కొండ మీది మిషను బడిలో చదివేది. డిసెంబరు సగంలో వాళ్ళింటికి నక్షత్రం కట్టేవాళ్ళు. వెదురుబద్దలకు రంగుకాగితాలు అంటించడానికి మైదా జిగురు ఉడకబెట్టి మమ్మల్నీ పిలిచేవాళ్ళు. ఆ నక్షత్రంలో బల్బు వెలిగిందంటే ఆ అమ్మాయికి సెలవులు వచ్చినట్టు. మిగతా పిల్లలు మునిసిపాలిటీ బడి వాళ్ళు. వాళ్ళ సెలవులు సంక్రాంతి పెద్దపండక్కి. ఒకరు ఆడుకుంటుంటే మరొకరు బడికి వెళ్తుండేవాళ్ళు. ఈ రెంటిలో మావి ఏ సెలవులో మాకు తెలిసేది కాదు. అడిగితే అమ్మ, "మనవి మనకొస్తాయి" అనేది.

మావి వచ్చే పద్ధతి వేరు. చలి ముదిరి, పొద్దున్నపూట యారాడ కొండ మంచులో కనబడకుండా పోయే రోజుల్లో, ఒకనాడు అమ్మ పాఠం మధ్యలో ఆగి గోడ మీద వేలితో రాసి చూసేది. బోర్డు తెల్లబారిపోయిందనేది. అంతే, ఆ రోజు పాఠం ఆగిపోయేది. నేను బొగ్గు దంచేదాన్ని. తమ్ముడు దడి మీది ఆనపాదు ఆకులు కోసుకొచ్చేవాడు. అమ్మ ఆ ఆకుల పసరు తీసి బొగ్గుపొడిలో కలిపి, పాతగుడ్డతో గోడకు పూసేది. ఒక పూత ఆరాక మరో పూత. మా చేతులు, ముక్కులు, తమ్ముడి చొక్కా నల్లబడిపోయేవి. పూత పూర్తయ్యాక అమ్మ వెనక్కి నడిచి, దూరంనుంచి చూసి చెప్పేది.

"బోర్డు ఆరేదాకా సెలవులు."

ఎన్నాళ్ళకు ఆరుతుందో తెలియదు. ముట్టుకుని చూసేవాళ్ళం. వేలికి నలుపు అంటకపోయినా అమ్మ వచ్చి చూసి, లోపల తడుందనేది. ఒక ఏడాది నాలుగైదు రోజుల్లోనే ఆరిపోయింది. మరో ఏడాది పక్షం దాటినా ఆరలేదు. గోడకూ వాతావరణానికీ ఏదో సంబంధం ఉంటుందని తమ్ముడు నమ్మేవాడు. ఆకాశం కేసి చూసి, రేపు ఆరదులే అనేవాడు. నాకు మాత్రం అమ్మ మొహం చూస్తే తెలిసేది, లేదా తెలుస్తుందనుకునేదాన్ని. చాలాసార్లు నా లెక్క తప్పేది.

ఆ రోజుల్లో మేం చేసే పనులు ప్రతి ఏటా అవే. తెల్లవారగానే స్వెట్టర్లు తొడుక్కుని ఒడ్డుకు వెళ్ళేవాళ్ళం. అక్కడ జాలరులు పెద్ద వల లాగుతుండేవాళ్ళు. అటొక వరస, ఇటొక వరస, పొడుగాటి తాడు పట్టుకుని వెనక్కి నడుస్తూ. మేమూ తాడు చివర చేతులు వేసేవాళ్ళం. మా బలం వల్ల ఏ చేపా ఒడ్డుకు వచ్చి ఉండదు. అయినా వల ఒడ్డెక్కాక ఎవరో ఒక పెద్దామె తమ్ముడి దోసిట్లో గుప్పెడు కవ్వళ్ళు, వేలెడేసి చేపలు, పోసేది. ఒకరోజు నాన్న మమ్మల్ని సొరంగాల రైలెక్కించి అరకు వైపు తీసుకెళ్ళేవాడు. దారిలో ఎన్ని సొరంగాలు వచ్చాయో ముగ్గురం లెక్కపెట్టి ముగ్గురం మూడు లెక్కలు చెప్పేవాళ్ళం. ఎవరిది సరైనదో ఏ ఏడాదీ తేలలేదు.

నాన్న టగ్గు మీద ఇంజను పని చేసేవాడు. పెద్ద ఓడల్ని తాళ్ళు కట్టి రేవులోకి లాక్కొచ్చే చిన్న పడవ అది. సెలవుల్లో ఒక సాయంత్రం రేవు గట్టు మీద కూర్చోబెట్టి ఓడల జెండాలు చూపించి, ఇది ఫలానా దేశం, అది ఫలానా దేశం అనేవాడు. ఒకే జెండాకు నిరుడు చెప్పిన పేరు ఈ ఏడు చెప్పేవాడు కాదు. నిరుడు వేరేగా చెప్పావంటే, "అప్పుడా దేశమే, ఇప్పుడీ దేశం" అనేవాడు. దేశాలు అలా మారుతుంటాయేమోనని ఊరుకున్నాం.

నాకు పదకొండు నడుస్తున్న ఏడు, డెబ్బైల చివరి చలికాలం, బోర్డు ఇంకా తడిగా ఉండగా మా మేనత్త వచ్చింది. ఆనందపురం దగ్గర పల్లెలో ఉండేది. చలికాలంలో ఒకసారి తేగల కట్ట నెత్తిన పెట్టుకుని బస్సు దిగేది. అమ్మ వాటిని పొయ్యిలో కాలుస్తుంటే అందరం చుట్టూ చేరాం. అత్త తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కుని అడిగింది.

"ఏరా గుంటడా, నువ్వు బడికెందుకెల్లవురా?"

తేగ నార తీస్తూ వాడు తలెత్తకుండా చెప్పాడు. "అక్క కోసం. అక్కకి బడంటే బయం. ఒకపాలి బడిలో ఏస్తే ఏడిసేసి ఒచ్చీసిందంట. అక్క ఎల్లదని నన్నూ పంపరు."

నేను బడికి వెళ్ళిందెప్పుడు? ఏడ్చిందెప్పుడు? అలాంటిదేదీ నాకు గుర్తులేదు. పైగా మేం బడికి వెళ్ళకపోవడానికి కారణం నాకు తెలుసనే అప్పటికి నా నమ్మకం. అది వాడే. వాడికి ఆయాసం. చలి పడ్డా, రేవులో ముడిఖనిజం దుమ్ము రేగినా ఎగపోసేవాడు. మా వీధిలో ఆరేసిన బట్టల మీద కూడా ఆ దుమ్ము ఎర్రగా పేరుకునేది. అలాంటివాణ్ణి బడికి పంపలేరు, వాడొక్కడూ ఇంట్లో ఉంటే చిన్నబుచ్చుకుంటాడు, అందుకని నన్నూ ఉంచేశారు. ఇది ఎవరూ చెప్పకుండానే నేను అల్లుకున్న లెక్క. దాన్ని ఎంతగా నమ్మానంటే, వాడితో దెబ్బలాడినప్పుడు కూడా ఆ మాట ఎత్తేదాన్ని కాదు. పాపం, జబ్బు మనిషి అనుకునేదాన్ని.

అత్త నవ్వి అమ్మ వైపు చూసింది. అమ్మ పొయ్యిలో తేగల్ని అటు తిప్పి ఇటు తిప్పి, బాగా కాలాయంది. అత్త వేరే కబుర్లలో పడింది. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక పెరట్లో వాణ్ణి పట్టుకున్నాను. నేను ఏడ్చానని ఎవరు చెప్పారు? అమ్మే చెప్పిందట, వాడితో కాదు, నర్సమ్మతో. పెద్దదాన్ని బడిలో వేశాం గానీ నిలవలేదు అని. ఏడ్చింది అని అందా? అనలేదు. నిలవలేదంటే ఏడ్చినట్టే కదా అన్నాడు. అప్పుడు నేను వాడి ఆయాసం సంగతి చెప్పాను. వాడు ఆశ్చర్యపోయి చూశాడు. వాడి మొహంలో కోపం లేదు. ఇన్నాళ్ళూ తను నాకోసం ఇంట్లో ఉంటున్నాననుకున్నాడు, నేనేమో వాడికోసం ఉంటున్నాననుకున్నాను. ఇద్దరం ఒకరికొకరం ఏదో మేలు చేస్తున్నామనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాం. ఇప్పుడు ఎవరు ఎవరికి చేశారో తెలియకుండా పోయింది.

"నాకేటీ నేదు. నాను ఎల్లగల్ను" అన్నాడు వాడు.

"నాకూ భయం లేదు" అన్నాను నేను.

అయితే వెళ్దాం అనుకున్నాం. ఇద్దరం వెళ్ళి కూర్చుంటే ఎవరివల్ల కాదో తేలిపోతుంది. అమ్మతో చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

మర్నాడు పొద్దున్న కిటికీలోంచి చూస్తే క్వార్టర్ల పిల్లలు సంచులతో వెళ్తున్నారు. బడి ఉందన్నమాట. నర్సమ్మ కూతురు కనబడలేదు. క్రిస్మసు పండక్కి అమ్మమ్మగారింటికి వెళ్ళిందని తెలుసు గానీ, దానికీ బడికీ ముడిపెట్టే తెలివి మాకు లేదు. బడికి వెళ్ళేవాళ్ళ లెక్కలు మాకెలా తెలుస్తాయి? మాకు దారి తెలిసిన బడి ఆ అమ్మాయిదే. నక్షత్రం కట్టే రోజుల్లో ఆమెతోపాటు చర్చి దాకా చాలాసార్లు వెళ్ళాం. రేగుపళ్ళకు వెళ్ళొస్తామని అమ్మతో చెప్పి బయల్దేరాం. పలకలు చొక్కాల కింద దాచుకున్నాం.

కొండ మెట్లు సగం ఎక్కేసరికి తమ్ముడి అడుగు నెమ్మదించింది. నేనూ నెమ్మదిగా నడిచాను. అలిసిపోయావా అని అడగలేదు. అడిగితే నా లెక్కే నిజమైనట్టు అవుతుందని వాడికి కోపమొస్తుంది. పైకి చేరేసరికి బడి గేటు ఓరగా తెరిచి ఉంది. లోపల పెద్ద మైదానం. ఒక్క పిల్లా లేదు. మైదానం మధ్యలో ఒకామె చాప పరిచి వడియాలు పెడుతోంది. మేం ఆలస్యంగా వచ్చాం, అందరూ లోపల పాఠాలు వింటున్నారు అనుకున్నాను. గొంతులు వినపడతాయేమోనని చెవి పెట్టాను. కాకుల గోల తప్ప ఏమీ లేదు.

ఆమె తలెత్తి చూసింది. ఆ బడి కాపలాదారు భార్య అని తర్వాత తెలిసింది.

"ఎవులమ్మా మీరు? ఏటిలా ఒచ్చినారు?"

"బడికి" అన్నాను.

"సెలవులు కదేటమ్మా."

"మాకు కూడా సెలవులే" అన్నాడు తమ్ముడు.

ఆమె వాణ్ణి చూసింది, నన్ను చూసింది. "సెలవులైతే బడికెందుకొచ్చినారు మరి?"

మా సెలవుల్లో మేం బడికి వచ్చాం. వాళ్ళ సెలవుల్లో బడి మూసేశారు. క్వార్టర్ల పిల్లలు మాత్రం ఇంకో బడికి వెళ్ళారు. అన్నీ కళ్ళముందే ఉన్నాయి గానీ ఒకదానితో ఒకటి అతకడం లేదు. బడి అంటే ఎప్పుడూ ఉండే చోటు, పిల్లలు అందులోకి వెళ్తూ వస్తూ ఉంటారు అనుకున్నాను. బడి కూడా ఇంట్లో అమ్మలాగా ఒకరోజు ఆపేస్తుందని తెలియదు.

ఈలోపు తమ్ముడు చాప పక్కన కూలబడ్డాడు. ఈల వేసినట్టు శబ్దం మొదలైంది వాడి ఛాతీలో. ఆమె చేతిపిండి కడుక్కుని పరుగున వచ్చి, వాణ్ణి లేవదీసి, చలిగాలి తగలకుండా దగ్గరున్న గది తలుపు తీసి లోపల బెంచీ మీద కూర్చోబెట్టింది. వేణ్ణీళ్ళు తెస్తానని వెళ్ళింది.

అలా మేమిద్దరం కలిసి మొదటిసారి తరగతిగదిలో కూర్చున్నాం. మిగతా బెంచీలు ఒకదానిమీద ఒకటి బోర్లించి ఉన్నాయి. బోర్డు గోడకు లేదు. చెక్కది, కాళ్ళున్నది, ఎటు కావాలంటే అటు జరిపేది. అది చూడటానికే వచ్చినట్టు ఉంది గానీ నా కళ్ళు దాని మీద నిలవలేదు. వాడి భుజాలు పైకీ కిందకీ పోతున్నాయి. ఇంట్లోనైతే అమ్మ వీపు రాస్తుంది, మందు తాగిస్తుంది. ఇక్కడ ఏం చెయ్యాలో తెలియలేదు. నేను చెప్పిందే నిజం, వాడివల్లే అని తేలింది. తేలిపోయినందుకు నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నేను గెలవాలని రాలేదు. నేను చెప్పింది తప్పు కావాలనే వచ్చాను.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఊపిరి కోసం ఆగి, ఆగి చెప్పాడు.

"ఏడవకక్కా. నువ్వేడిస్తే నిన్ను మళ్ళీ ఇంటికి పంపీస్తారు."

వాడి లెక్కలో ఇంకా కారణం నేనే. అంత ఆయాసంలోనూ వాడు నన్ను కాపాడుతున్నాడు. నేను ఏడుపు ఆపుకున్నాను. వాడు ఎగపోస్తూనే నావైపు తృప్తిగా చూశాడు. చూడు, నువ్వు ఉండగలవు అన్నట్టు.

ఆమె తెచ్చిన వేణ్ణీళ్ళు గుక్కగుక్కగా తాగాక కొంచెం తేరుకున్నాడు. కాపలాదారు వచ్చి, మేం ఎక్కడివాళ్ళమో కనుక్కుని, వాణ్ణి సైకిలు క్యారేజి మీద కూర్చోబెట్టి, నన్ను పక్కన నడవమన్నాడు. కొండ దిగి బజారు మలుపు తిరిగేసరికి నాన్న ఎదురొచ్చాడు. ఒంటిమీద డ్యూటీ బట్టలు, చేతులకు గ్రీజు. అమ్మ మాకోసం వెతికి వెతికి రేవుకు కబురు పంపిందట. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. తమ్ముణ్ణి దించి భుజాన వేసుకున్నాడు. రైలు పట్టాల దగ్గరికి వచ్చాక నా చెయ్యి కూడా పట్టుకున్నాడు. పట్టాలు దాటాక కూడా వదల్లేదు. నా మణికట్టు మీద గ్రీజు మరక రెండ్రోజులు పోలేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తమ్ముడు మందు తాగి, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. అమ్మ వంటింటి గడపలో, నాన్న మంచం మీద. నేనే అడిగాను, మేం బడికి వెళ్ళకపోవడం ఎవరివల్ల అని. నావల్లా, వీడివల్లా?

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ నాన్న వైపు చూసింది. ఒకరు చెప్తారని ఒకరు ఎదురుచూస్తున్నట్టుంది.

"మీయమ్మకి సెప్పడం ఇష్టం" అన్నాడు నాన్న చివరికి. "ఇంటికాడే పాటాలు సెప్పుకుంటాదిలే అని నాను ఊరుకున్నాను."

అమ్మ గడపలోంచి లేచింది. "మీరే కదా వద్దన్నారు" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. "మీరు వద్దన్నారనే కదా నేను మొదలుపెట్టాను."

"నానెప్పుడన్నాను?"

అమ్మ ఏదో చెప్పబోయి తమ్ముడి వైపు చూసి ఆగిపోయింది. నాన్న సైకిలు హేండిలు తుడవడం మొదలుపెట్టాడు. నేనూ తమ్ముడూ ఒకరినొకరు చూసుకున్నాం. పొద్దున్న మా దగ్గర రెండు కారణాలుండేవి. ఇప్పుడు నాలుగయ్యాయి. పెద్దవాళ్ళకు అన్నీ తెలుసు, మాకు చెప్పడం లేదు అనుకున్నాను ఇన్నాళ్ళూ. వాళ్ళకీ తెలియదన్న సంగతి నన్ను భయపెట్టింది. ఇంటికి ఒక గోడ తక్కువైనట్టనిపించింది.

మర్నాడు మామూలుగా తెల్లవారగానే ఒడ్డుకు వెళ్ళాం. ఆ ఏడు అమ్మా, సెలవు పెట్టి నాన్నా కూడా వచ్చారు. తమ్ముణ్ణి శాలువాలో చుట్టి ఇసుక మీద కూర్చోబెట్టారు. నేనొక్కదాన్నే తాడు పట్టుకున్నాను. వెనక్కి నడుస్తూ చూస్తే దూరంగా అమ్మా నాన్నా తడి ఇసుకలో నడుస్తూ మాట్లాడుకుంటున్నారు. ఇంట్లో వాళ్ళు అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు. అమ్మ మధ్యలో ఆగి చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. నాన్న తల వంచుకుని విన్నాడు. అలల హోరులో ఒక్క మాటా నా దాకా రాలేదు. వల ఒడ్డెక్కేసరికి వాళ్ళు తిరిగొచ్చారు. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం తేలిగ్గా ఉంది. ఏమయిందో అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. అప్పటికే ఒకసారి అడిగి చూశాను కదా.

జూన్‌లో తమ్ముణ్ణి మునిసిపాలిటీ బడిలో వేశారు. నువ్వూ వెళ్తావా అని అమ్మ నన్నడిగింది. వెళ్ళనన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ స్పష్టంగా చెప్పలేను. అందరూ వెళ్ళిపోతే పొద్దున్న గిన్నెలు కడిగాక అమ్మ ఎవరి ముందు నిలబడుతుంది అనిపించింది. అది దయో, భయమో. అమ్మ సరేనంది. ఆమె సంతోషించిందో నొచ్చుకుందో ఆ మొహంలో నాకు దొరకలేదు. ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాసి, ఎనిమిదిలో నేనూ బడికి వెళ్ళాను.

తమ్ముడు బడిలో బాగానే ఇమిడాడు. ఆయాసం వచ్చేది, పోయేది. ఎవరూ వాణ్ణి ఇంటికి పంపెయ్యలేదు. వాడికి ఒకటే ఇబ్బంది. నాన్న రోజూ వాణ్ణి చెయ్యి పట్టుకుని రైలు పట్టాలు దాటించేవాడు. డ్యూటీ మార్చుకుని మరీ వచ్చేవాడు. మీసాలు వస్తున్న వయసులో కూడా వదల్లేదు. స్నేహితులు నవ్వుతున్నారని వాడు గొడవపెడితే, పదడుగులు వెనక నడిచేవాడు.

ఆ మొదటి ఏడు డిసెంబరులో తమాషా జరిగింది. బడి వాళ్ళు వీడికి సెలవులివ్వలేదు. ఇంట్లో మాత్రం అమ్మ ఎప్పటిలాగే బోర్డు పూసింది. వాడు పొద్దున్న బడికి వెళ్ళి, సాయంత్రం వచ్చి సెలవుల్లో కూర్చునేవాడు. తర్వాత పెద్దపండక్కి బడి మూసేస్తే, ఇంట్లో అమ్మ నాకు పాఠం చెప్తుంటే పక్కనొచ్చి కూర్చుని తనూ రాసుకునేవాడు. నీకు సెలవులు కదరా అంటే, ఇవెవరి సెలవులో తెలియడం లేదన్నాడు. అమ్మ నవ్వింది. ఆమె నవ్వగా చూసి చాలా రోజులైంది.

ఎనభైల్లో మేం క్వార్టర్లు వదిలి గాజువాక దాటాక చిన్న ఇల్లు కట్టుకున్నాం. స్టీలు ప్లాంటు లేస్తున్న రోజులు. ఎటు చూసినా లారీలు, ఇనుపదూలాలు, రాత్రీపగలూ వెల్డింగు వెలుగులు. తమ్ముడు అక్కడే అప్రెంటిసుగా చేరాడు. నేను డిగ్రీ అయ్యాక ఇంట్లో ఉండి ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటున్నాను. ఒక చలికాలం మధ్యాహ్నం, పెరట్లో ఎండలో అమ్మ నా తల దువ్వుతుంటే, ఏళ్ళ తర్వాత అడిగాను. నేను బడికి వెళ్ళి ఏడ్చేశానా అమ్మా అని.

దువ్వెన ఆగింది. నేను తిరిగి చూడబోతే తల పట్టుకుని ముందుకు తిప్పింది.

"నువ్వేడవలేదే" అంది. "వారం రోజులు వెళ్ళావు. తీసుకురావడానికి వస్తే, రానన్నావు. ఇక్కడే ఉంటానన్నావు. ఆ పంతులమ్మ చీర పట్టుకుని వదల్లేదు."

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. తను పెళ్ళికి ముందు టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకుందట. సీటు వచ్చింది. పెళ్ళి కుదిరింది. పోర్టు ఉద్యోగస్తుడి భార్యకు ఉద్యోగం ఎందుకన్నారు పెద్దవాళ్ళు. నేను పంతులమ్మ చీర పట్టుకున్న సాయంత్రం, ఇంటికొచ్చి బొగ్గు దంచి గోడకు పూసిందట. అందులో నా తప్పేముంది, నీ తప్పేముంది అని నేను అనబోయాను. ఆమె జడ గట్టిగా అల్లి, లే, ఎండ పోతోందంది.

ఆ నెలలోనే పరీక్షకు విజయవాడ వెళ్ళాల్సొచ్చింది. తమ్ముడు నన్ను రైలెక్కించడానికి దువ్వాడ స్టేషనుకు వచ్చాడు. బండి ఆలస్యం. బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ, అమ్మ చెప్పిందంతా వాడికి చెప్పాను. ఇన్నేళ్ళకు తేలిందిరా, నువ్వూ కాదు, నేనూ కాదు అన్నాను. వాడు గ్లాసు కింద పెట్టాడు.

"నీకలా సెప్పిందా? నాకింకోలా సెప్పింది."

వాడు అప్రెంటిసులో చేరిన రోజు చెప్పిందట. నేను బడికి వెళ్తున్న ఆ వారంలోనే, నాన్న డ్యూటీ దిగి వస్తూ పట్టాల దగ్గర ఏదో చూశాడు. ఆగి ఉన్న గూడ్సు కిందనుంచి దూరి బడికి వెళ్తున్న ఎవరో పిల్ల. బండి కదిలింది. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. రేపట్నుంచి పిల్లని పంపొద్దని ఒక్క మాట అని పడుకున్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తనివ్వలేదు. అమ్మ సరే అంది, ఎందుకని అడగలేదు. చూసిందేమిటో ఆమెకు తెలిసింది చాలా ఏళ్ళకు, ఒడ్డున నడుస్తూ నాన్న నోరు విప్పినప్పుడు.

చలిగాలికి నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆ పంతులమ్మ చీర ముందా, ఆ గూడ్సు బండి ముందా? ఒక్క వారంలో రెండూ జరిగాయా? ఒకటి చెప్పడానికి ఆమెకు నేను కావాల్సొచ్చింది, ఇంకోటి చెప్పడానికి వాడు. ఎందుకలా పంచింది?

"ఏది నిజమంటావురా?"

"రెండూ నిజమే గావాల" అన్నాడు. టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఏటో" అన్నాడు.

"నాన్ననడగలేకపోయావా?"

"అడిగినాను. నాకేటి తెలుసురా, మీయమ్మకి సెప్పడం ఇష్టం కదా అన్నాడు. అని సైకిలు తుడుసుకున్నాడు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఈలోపు బండి వచ్చింది. వాడు నా పెట్టె లోపలికి అందించి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇంజను కూత వేశాక ఊచలు పట్టుకుని మొహం దగ్గరికి పెట్టి, చిన్నప్పటిలాగే గంభీరంగా అడిగాడు.

"అక్కా, నువ్వు నిజంగా ఏడవనేదా?"

నాకు తెలియదురా అన్నాను. బండి కదిలింది. వాడు పక్కనే కొంతదూరం నడిచి ఆగిపోయాడు.